ఊదా రంగు పోయే లెక్క

పాకం 611
ఊదా పోయింది: 52 లెక్క. తాగవచ్చు.

ఇంతవరకు ఈ పుస్తకంలో పాకం నంబరు, లెక్క, అంతే రాసేవాణ్ని. నిన్న అందరం పోగయ్యే హాజరీలో సర్దారు రాజేశం అన్నాడు, "ఓదెలన్నా, ఉట్టి అంకెలు రాస్తే మన తర్వాతోళ్లకు ఏం సమజైతది? నాలుగు మాటలు గూడ రాయి" అని. తల ఊపాను. నాకు మాటలు తక్కువ. అయిదో తరగతి దాకా చదివాను. అదీ ఈ బొగ్గుబాయి లోపలే, మూడో లెవెల్లో, గోడ మీద సుద్దతో రాసిన చదువు. తెలిసింది తెలిసినట్టు రాస్తాను.

నా పని రంగు చూడటం. ఎనిమిది రోజులకొక పాకం దిగుతుంది. పుట్టగొడుగులు నీడన ఎండబెట్టి, కాచి, వడకట్టిన కషాయం అది. పింగాణీ గిన్నెలో ఒక చెంచా కషాయం పోసి, దాని మీద ఊదా మందు మూడు చుక్కలు వేసి, ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. కషాయంలో సత్తువ ఉంటే ఊదా పలచబడి పలచబడి గడ్డి రంగుకు వస్తుంది. అప్పుడు "పోయింది" అని పైకి అనాలి. అరవై లోపల పోతే ఆ పాకం తాగడానికి. దాటితే కూరలోకి.

పైనుంచి వచ్చే గాలి మనిషికి తుప్పు పట్టిస్తుంది. ముందు గోళ్ల అంచున ఇటుక రంగు గీత పడుతుంది. తర్వాత కీళ్లు పట్టేస్తాయి. ఆఖరుకు ఊపిరి. పుట్టగొడుగులో ఉన్నదేదో ఆ తుప్పుకు ఎదురుపోయి మనకు బదులు తాను కాలిపోతుందని మందుల గదివాళ్లు చెబుతారు. ఊదా మందును చల్లార్చగలిగింది మనిషిలో తుప్పునూ చల్లారుస్తుందట. నాకు అంతకన్నా తెలియదు.

రంగు చూసేటప్పుడు నేనొక్కణ్నే చూడాలి. గదిలో ఎవరున్నా గోడ వైపు తిరుగుతారు. మా తాతల కాలంలో ఒక పాకం దగ్గర ఒకడు పోయిందన్నాడు, ఒకడు పోలేదన్నాడు. మాటా మాటా పెరిగి పాకం కాచిన గుండిగ తన్నేశారు. ఆ నెల మందు లేక నలుగురు పోయారు. అప్పటినుంచి ఒక్కడి కళ్లే.

పాకం 614
ఊదా పోయింది: 47 లెక్క. తాగవచ్చు.

పుట్టగొడుగులు పెంచేది సారక్క. రెండో లెవెల్లో వరుసగా వేలాడే జొన్నచొప్ప సంచులన్నీ ఆమె చేతివే. మా బావ మొగిలి బిడ్డ. మొగిలి నా భార్య రాజవ్వకు అన్న. రాజవ్వ తుప్పుతోనే పోయింది, పద్నాలుగేళ్ల కింద. పిల్లలు లేరు మాకు. రాజవ్వ పోయిన మరుసటి ఏడు నాకు ఈ పని ఇచ్చారు. పాకం నంబర్లు అప్పుడు ఒకటి నుంచి మొదలు.

ఈ రోజు నేను "పోయింది" అనగానే సారక్క గోడ వైపునుంచి గిరుక్కున తిరిగింది.

"ఎంత మామా?"

"నలభై ఏడు."

"నిజమా? నీకొక్కనికే చెప్తున్న, ఎవ్వలతోని అనకు. ఈసారి పైనుంచి వచ్చిన చొప్ప సగం బూజు. పాత సంచులల్ల చొప్పనే ఎండబెట్టి కలిపిన. లెక్క అరవై దాటుతదని భయపడ్డ."

"తగ్గింది," అన్నాను.

"అయితె గీ పుట్టకొక్కులు నా మాట కాదు, నీ మాట వింటున్నయి. ఇంకో మాట మాట్లాడితె నీ నోట్లకెల్లి ముత్యాలు రాలుతయా మామా?"

నవ్వాను. ఆమె కూడా నవ్వుతూ వెళ్లింది. పాత చొప్పతోనే లెక్క బాగుంటే కొత్త చొప్ప కోసం పైకి మనుషులను పంపడం ఎందుకు, పాతదే వాడతాను అంది. సరే అన్నాను.

పాకం 619
ఊదా పోయింది: 41 లెక్క. తాగవచ్చు.

మొగిలి తన వంతు తాగడానికి నా గదికే వస్తాడు. అక్కడ వరుసలో నిలబడి తాగవచ్చు గానీ, నన్ను నాలుగు మాటలు అనకపోతే బావకు మందు దిగదు.

"నువ్వు రంగు సూస్తున్నవా, తాగుతున్నవా బావా? పాకం పాకంకు జల్ది పోతున్నది."

"పాకం మంచిది."

"అగో, రెండు మాటలు! నా చెల్లెకు గూడ గింతె. పొద్దున ఒకటి, మాపున ఒకటి. ఇరవై రెండేండ్లు నీతోని ఎట్ల ఏగిందో పాపం."

బావది గాలిమోరి పని. బాయి నోటి దగ్గర గాలి లోపలికి వచ్చే చోట తడిగుడ్డలు కట్టి, పొడి పట్టినవి విప్పి ఉతికి మళ్లీ కట్టాలి. ఆ గుడ్డల్లోంచి వచ్చిందే మేమంతా పీల్చేది. ముసలివాడైనా ఆ పని ఇంకొకరికి ఇవ్వడు.

గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అతని బొటనవేలు చూశాను. అంచున సన్నగా ఇటుక గీత.

"రెండు చెంచాలు ఎక్కువ తాగు," అన్నాను.

పోశాను. తాగాడు. 41 లెక్క పాకం, గీత తగ్గకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను.

పాకం 622
ఊదా పోయింది: 38 లెక్క. తాగవచ్చు.

హాజరీలో అందరి గోళ్లూ చూశారు. పదకొండు మందికి గీత ఉంది. పోయిన ఏడు ఇద్దరికే. లింగయ్య భార్య కనకవ్వ నిలబడలేక పైకప్పును మోసే దిమ్మెకు ఆనుకుంది.

రాజేశం నా వైపు తిరిగాడు. "మందు ఎట్లున్నది ఓదెలన్నా?"

అంతమంది ఒక్కసారి చూస్తే నాకు చెమట పడుతుంది. "ముప్పై ఎనిమిది," అన్నాను.

"వింటున్నరు గద. ఇన్నేండ్లల్ల గింత మంచి లెక్క లేదు. తప్పు మందుల లేదు. గాలిల ఉన్నది."

గాలి అంటే గుడ్డలు. గుడ్డలు అంటే మొగిలి. ఎవరూ పేరు చెప్పలేదు. అందరూ అతని వైపే చూశారు.

పాకం 627
ఊదా పోయింది: 33 లెక్క. తాగవచ్చు.

కనకవ్వ పోయింది. మూడు పాకాల నుంచి రోజూ రెండు గిన్నెలు తాగించాడు లింగయ్య. తన వంతు కూడా ఆమెకే పోశాడు.

హాజరీలో లింగయ్య లేచి మొగిలి ముందుకు వచ్చాడు.

"గుడ్డలు తడిపి కట్టినవా, పొడివే ఏలాడదీసినవా?"

"తడిపే కట్టిన లింగయ్యా. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెందుకు? నేను బతికే ఉన్న గద. అది ఎట్ల పోయిందో చెప్పు."

ఇక నుంచి గుడ్డలు షిఫ్టుకు రెండుసార్లు మార్చాలని రాజేశం ఆర్డరు వేశాడు. మార్చేది మొగిలే. అంటే ఆ పొడి నోటి దగ్గర అతను ఉండేది ఇప్పుడు రెట్టింపు.

బావ అబద్ధమాడే మనిషి కాదని చెప్పాలనుకున్నాను. మాట సర్దుకుని నోరు తెరిచేసరికి అందరూ లేచి వెళ్లిపోతున్నారు.

బయట బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చెప్పాలనుకున్నది నాకు ఇనబడ్డది తియ్," అన్నాడు.

పాకం 630
ఊదా పోయింది: 29 లెక్క. తాగవచ్చు.

బావ గాలిమోరి నిచ్చెన ఎక్కలేక మధ్యలో ఆగిపోయాడు. ఇద్దరు దింపి తెచ్చారు. మోకాళ్లు మడత పడటం లేదు. గోళ్లన్నీ ఇటుకే. సారక్క సంచుల పని వదిలి తండ్రి పక్కనే కూర్చుంది. లింగయ్య ఆ దారిన పోతూ ఉమ్మేసి పోయాడని ఎవరో చెప్పారు.

నాకొక అనుమానం. చుక్కలు వేసినప్పుడే రంగు లేతగా ఉంటోంది. వెనక చిక్కగా పడేది. ఊదా పొడి పాతదై చచ్చిపోయిందేమో, అందుకే తొందరగా పోతోందేమో. అలా అయితే నా లెక్కలన్నీ తప్పు.

మందుల గదికి వెళ్లి అడిగాను. అక్కడి ఆమె డబ్బా తీసి చూపించింది. "అదే పొడి పెద్దయ్యా, అదే కొలత. మొన్ననే కలిపి ఇచ్చిన. నీ లైటు మసిబారిందేమో సూడు."

లైటు మార్చాను. గిన్నె మార్చాను. రంగు లేతగానే ఉంది.

పాకం 633
లెక్క రాయడం లేదు.

ఈ రోజు కషాయం బదులు ఉత్త నీళ్లు పోశాను. నీళ్లలో సత్తువ ఉండదు, కాబట్టి ఊదా ఎంత వేస్తే అంతే నిలవాలి. మూడు చుక్కలు వేశాను. మురికినీళ్ల రంగు కనిపించింది. వంద దాకా లెక్కపెట్టాను. అలాగే ఉంది. పొడి చచ్చిపోయిందని తేల్చుకున్నాను.

అయినా ఒకరికి చూపిస్తే బాగుండునని అనిపించింది. చూపించకూడదు. గిన్నె మీద మూత పెట్టి బావ దగ్గరకు తీసుకుపోయాను. బావ అయితే నాతో తగువు పెట్టుకోడు. సారక్క నీళ్లకు పోయింది.

"ఏందిది? సచ్చేటోనికి గిన్నెడు నీళ్లా? ఎన్కట కల్లు అని ఉంటుండెనట, గది తేరాదు?"

"ఏం రంగు?" అన్నాను.

"నేను సూడొద్దు గద. ఇద్దరి కండ్లు పడితె..."

"చూడు బావా."

నా గొంతు విని అతను మోచేతి మీద లేచాడు. మూత తీశాను.

"ఊదా. మంచి వంకాయ తీరుగ నిగనిగ ఉన్నది. ఎందుకు?"

గిన్నె లైటు కిందకు జరిపాను. వంగి చూశాను. మురికినీళ్లు.

"సరిగ్గా చూడు," అన్నాను.

"సరిగ్గనే సూస్తున్న. నీకేం కనబడుతున్నది?"

బావ నా గడ్డం కింద అరచెయ్యి పెట్టి లైటు వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి తీసేశాడు.

"రెండు కండ్లల్ల పొరనే బావా. పాల మీద మీగడ కట్టినట్టు."

నా కళ్ల ముందు పొర ఉంటే గిన్నెలోని ఊదాలో సగమే నాకు చేరుతుంది. ఆ సగం పలచబడగానే మొత్తం పోయిందనుకుని "పోయింది" అన్నాను. అసలు రంగు గిన్నెలోనే ఉంది. 52, 47, 41, 29. పాకం బాగుపడలేదు. పొర ముదిరింది. సారక్క పాత చొప్ప వేసి భయపడుతూ అడిగితే బాగుంది అన్నదీ నేనే. తుప్పు కంటికి కూడా పడుతుందని నాకు తోచలేదు. నొప్పి లేదు. దారి కనబడుతూనే ఉంది. అక్షరాలు కాస్త పెద్దగా రాసుకుంటున్నాను, అంతే.

బావ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. అక్కడికే చూస్తూ అన్నాడు:

"అయితె నేను గుడ్డలు మంచిగనే కట్టిన."

"కట్టావు."

"నాకే అనుమానం ఉండె. నిజంగ తడిపిన్నా లేదా అని."

నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు మడత పడవు, చేత్తో అదిమాడు.

"ఎవ్వలకు చెప్పకు. కండ్లు ఆనుతలెవ్వని పని దిగిపో. ఉన్న పాకమంత కూరల పోయించు. సరిపాయె."

"నీ మీద నింద?"

"నేను పోతున్న గద. నింద గూడ నాతోనే వస్తది. సారక్క సంగతి సూడు. నేను పోతె దానికి నువ్వొక్కనివే. బాపు ప్రాణం తీసింది మామ పాకమే అని తెలిస్తె అది ఎవ్వల గడప తొక్కాలె?"

నీళ్ల బిందెతో సారక్క వచ్చింది. "ఏం ముచ్చట్లు పెట్టుకున్నరు ఇద్దరు?" అంది. "నీ మామ ముచ్చట పెడితె నేను బతికిపోనా," అన్నాడు బావ. ఆమె నవ్వింది. నేను మూత పెట్టిన గిన్నె పట్టుకుని వచ్చేశాను.

నంబరు లేదు

రెండు షిఫ్టులు ఆలోచించాను.

కళ్లు ఆనడం లేదని పని దిగితే ఎప్పటినుంచి అని అడగకపోవచ్చు. మా వాళ్లు పెద్దవాళ్లను అలా అడగరు. మంచిమాట చెప్పి పంపుతారు. సారక్క నన్ను రోజూ పిలుస్తుంది.

అప్పుడు మొగిలి, గుడ్డలు తడపని మొగిలిగా పోతాడు. లింగయ్య ఉమ్మేసింది అలాగే ఉంటుంది. ఈ బాయిలో పుట్టబోయే పిల్లలకు ఆ మాట చెప్పుకుంటారు. చేసింది నేను, పేరు అతనిది.

నంబరు లేదు

హాజరీలో చెప్పాను. మనుషుల వైపు తిరిగితే మాట రాదని గోడ వైపు తిరిగి చెప్పాను. ఏం చెప్పానో అదే రాస్తున్నాను.

"మందులో సత్తువ లేదు. నాకు ఊదా కనబడటం లేదు. కళ్లలో పొర ఉంది. ఎప్పటినుంచో తెలియదు. ఈ ఆరు నెలల లెక్కలు నమ్మవద్దు. గుడ్డలు బాగున్నాయి. మొగిలి తప్పు లేదు. కనకవ్వకు నేనిచ్చింది ఉత్త నీళ్లతో సమానం."

గోడ వైపే చూస్తూ నిలబడ్డాను. లింగయ్య కొడతాడనుకున్నాను. కొట్టలేదు. దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అతని ఊపిరి నా మెడకు తగిలింది.

"నా వంతు గూడ దానికే పోస్తి," అన్నాడు. "రోజు రెండు గిన్నెలు. సేదని ఏడుస్తె తిట్టి తాగిపిస్తి."

అంతే. వెళ్లిపోయాడు.

రాజేశం, "మనమందరం గోడ దిక్కు తిరిగి నిలబడ్డం. ఒక్కడన్న ఎనుకకు తిరిగి సూడకపాయె," అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

నేను వెనక్కి తిరిగేసరికి సారక్క నిలబడిన చోటు ఖాళీగా ఉంది.

నంబరు లేదు

ఇప్పుడు రంగు ముగ్గురు చూస్తున్నారు. రాజేశం, మందుల గదిలో ఆమె, సారక్క. ఇళ్లలో ఉన్న పాత పాకాలన్నీ వెనక్కి తెప్పించి మళ్లీ చూశారు. నేను గది బయట కూర్చుని లెక్క విన్నాను. 611 నుంచి 632 దాకా అరవై లోపల పోయింది ఒక్కటే. 630 అయితే నూట యాభై దాటినా ఊదా అలాగే ఉందట. నేను దానికి 29 వేశాను.

సారక్క పాత చొప్ప సంచులన్నీ చింపి పారేసింది. కొత్త పంటకు నెల పడుతుంది. బావకు నెల లేదు. అందుకని నాలుగో లెవెల్లో పాత టేకు దిమ్మెలకు పట్టిన చెక్కకొక్కులు కోసుకొచ్చింది. ఎర్రగా, నూనె రాసినట్టు మెరుస్తాయి, కత్తికి తెగవు. కోసి, ముక్కలు చేసి, ఒక షిఫ్టు మొత్తం కాచింది. ముగ్గురూ చూసి ముప్పై ఆరు అన్నారు. నిజం ముప్పై ఆరు.

మొదటి గిన్నె బావకు పోసింది.

నంబరు లేదు

బావ అయిదు రోజులు తాగాడు. మూలమలుపు ఇవతల కూర్చుంటే నాకు అన్నీ వినబడేవి. సారక్క నన్ను రమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు.

"గింత సేదా? దీనికన్న తుప్పే నయం బిడ్డా."

"మూసుకొని తాగు బాపు."

"అవ్వ పోలికే. నోరు అవ్వదే."

నాలుగో రోజు లింగయ్య వచ్చాడు. నన్ను దాటి లోపలికి పోయాడు. లోపల ఏం అనుకున్నారో వినబడలేదు. చాలాసేపు కూర్చున్నాడు. బయటకు వచ్చేటప్పుడు అతని చేతుల్లో తడి గుడ్డలు ఉన్నాయి. గాలిమోరికి పోయాడు కట్టడానికి.

అయిదో రోజు గోళ్ల మీద గీత ఆగిందని మందుల గదిలో ఆమె చెప్పింది. పైకి పాకడం లేదంది. మందు పనిచేస్తోందంది. అదే రోజు బావ ఊపిరి ఆగింది. మందు తుప్పును ఆపుతుందిగానీ, తిన్నది తిరిగి ఇవ్వదు.

పాడె పట్టడానికి లింగయ్య ముందు భుజం ఇచ్చాడు. బాయిలో ఉన్నవాళ్లందరూ వచ్చారు. గుడ్డలు మంచిగ కట్టేవాడు అని ఎవరికి వారు పైకే అన్నారు. నేను అందరికన్నా వెనక నడిచాను.

నంబరు లేదు

పుస్తకం ఎల్లుండి సారక్కకు ఇచ్చేయాలి. ముందు పేజీల్లోని తప్పులెక్కలు కొట్టేయనా అని రాజేశాన్ని అడిగాను. వద్దు, ఉండనియ్యి అన్నాడు.

ఈ రోజు నా వంతు కషాయం సారక్కే తెచ్చింది. బావ పోయి పదిహేడు రోజులు. అప్పటినుంచి నా గుమ్మం దగ్గరకు ఆమె రావడం ఇదే మొదలు.

"నాకు వద్దు," అన్నాను. "ఇంకెవరికన్నా పొయ్యి."

ఆమె గిన్నె ముందుకు చాచింది. చేతుల మీద చెక్కకొక్కులు కోసిన గాట్లు ఉన్నాయి.

"ముగ్గురం సూసినం. ముప్పై నాలుగు. తాగున్రి."

పుట్టినప్పటినుంచి నన్ను నువ్వు అనే సారక్క, పరాయివాళ్లకిచ్చినట్టు నాకు మర్యాద ఇవ్వడం ఇదే మొదటిసారి.

తాగాను. చేదుగా ఉంది. అడుగున ఒక గుక్క మిగిలితే అదీ తాగేదాకా నిలబడి చూసింది. తర్వాత గిన్నె తీసుకుని, పక్క గదిలో ముసలామెకు పోయడానికి వెళ్లింది.